ఏకగ్రీవంగా పీకేసిన లిఫ్టు

అలాంటి అపార్ట్‌మెంటు కమిటీ ఇంకెక్కడైనా ఉందంటే ఆ చుట్టుపక్కల వాళ్ళ మీద జాలిపడాల్సిందే. గేటుకి రంగు వేయించాలని తీర్మానం చేసి ఏడాది దాటింది, ఏ రంగో ఇంకా తేలలేదు. నీళ్ళ ట్యాంకు మూత విరిగితే దానికో ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఎవరుండాలన్న వాదన తెమిలేలోపు ట్యాంకులో పావురం పడి చచ్చింది. ఇంతటి ఘనులు ఒక ఆదివారం పొద్దున కింద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, కొత్త లిఫ్టు ప్రాజెక్టులో ఏమేం ఉండాలి, ఏది ముందు ఏది వెనక అన్నది నిర్ణయించడానికి కూర్చున్నారు.

అధ్యక్షస్థానంలో ప్రెసిడెంటు గారు. ఆయన ఏదో పెద్ద హోదాలో రిటైరయ్యాడు. ఏ హోదానో ఎవరికీ సరిగ్గా తెలియదు, అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. కాళ్ళు బారజాపి, పొట్ట మీద చేతులు కట్టుకుని, "పరిధి! ప్రాధాన్యాలు! ఈ రెండూ తేలితే సగం పని అయిపోయినట్టే" అన్నాడు. ఆ రెండు మాటలూ పొద్దున పేపర్లో ఎక్కడో చదివి వచ్చాడని ప్రాజెక్టమ్మకి చూడగానే అర్థమైంది.

ప్రాజెక్టమ్మ అంటే ఐదో అంతస్తు ఇల్లాలు. ఆ పేరు ఆ బిల్డింగు వాళ్ళు పెట్టిందే. ఆవిడ పనిచేసేది కట్టడాల కంపెనీలో. కొత్త పని ఏది ఒప్పుకున్నా అందులో ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఏది ముందు అన్నది విడమరిచి రాసిపెట్టేది ఆవిడే. రాతలో మహా దిట్ట. ఆవిడ రాసిన కాగితం పట్టుకుంటే మేస్త్రీ అయినా, మంత్రి అయినా ఒకేలా అర్థం చేసుకోవాల్సిందే, ఇంకో అర్థానికి సందు ఉండదు. ఆ తెలివికి తగ్గ తలబిరుసు కూడా దేవుడు ధారాళంగా ఇచ్చాడు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే వాడు తప్పు చెప్పబోతున్నాడని ఆవిడకి తెలిసిపోయేది. చాలాసార్లు అది నిజమే కావడంతో ఆ జబ్బు బాగా ముదిరింది.

ఇలాంటి మీటింగులకి ఆవిడ ఎప్పుడూ వచ్చేది కాదు. ఈసారి రావడానికి కారణం అత్తగారు. భర్త ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగే మనిషి, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారికి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. మంచం దగ్గర్నుంచి హాల్లోకి రావడానికే గోడ పట్టుకోవాలి. అయినా సరే, సాయంత్రం అయ్యేసరికి దువ్వెన సంచిలో వేసుకుని లిఫ్టెక్కి గ్రౌండ్ ఫ్లోర్లోని ఫ్లాటుకి దిగిపోయేది. అక్కడ ఆవిడ సొంత అక్క, కొడుకు దగ్గర ఉంటోంది. ఆ అక్కకి కాళ్ళూ పోయాయి, చెవులూ పోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. చెల్లెలు అక్క తల దువ్వేది. అక్క చెల్లెల్ని తిట్టేది. అమ్మకి ఎవరంటే ఎక్కువ ఇష్టం అన్న తగువు వాళ్ళకి చిన్నప్పుడు మొదలైంది, ఇప్పటికీ తీర్పు రాలేదు. చెవులు లేకపోయినా చెల్లెలి పెదాలు కదులుతుంటే చాలు, అక్కకి మాట అందేది. ఇంకెవరు మాట్లాడినా అందేది కాదు. ఫోనులో చెల్లెలి బొమ్మ చూపిస్తే, "ఎవర్రా ఇది, ఇంత బొటనవేలంత ఉంది!" అని ఫోను అవతల పెట్టేసేది.

ఆ ఇద్దరు ముసలమ్మల మధ్య ఉన్న దారల్లా ఆ లిఫ్టే. అదా, మూలుగుతూ ఎక్కేది, ఏడుస్తూ దిగేది. నాలుగో అంతస్తు దగ్గర అలిగి ఆగితే తలుపు మీద ఒక్క తన్ను తన్నాలి, అప్పుడు కదిలేది. అలాగే ఓ రోజు అత్తగారు ఒక్కతే ఉన్నప్పుడు ఆగిపోయింది. వాచ్‌మన్ వచ్చి తన్నేదాకా ఆవిడ లోపలే నిలబడి, బయటికొచ్చాక "నాకంటే దానికే కీళ్ళనొప్పులు ఎక్కువున్నాయి అమ్మాయ్" అని నవ్వేసింది. కోడలికి నవ్వు రాలేదు. కొత్త లిఫ్టు వచ్చి తీరాలి అనుకుని, చేతిలో కాగితాలతో ఆ ఆదివారం కిందికి దిగింది.

"ముందు అద్దం," అన్నాడు రెండో అంతస్తు పళ్ళ డాక్టరు. "నిలువుటద్దం ఉండాలి. మనిషి రోజుకి రెండుసార్లయినా తన పళ్ళు తను చూసుకోవాలి కదండీ."

"అద్దం పెడితే పిల్లలు చదువు మానేసి క్రాపులు దువ్వుకుంటారు," అని లేచింది మూడో అంతస్తు ట్యూషన్ టీచరు. "అద్దం గిద్దం వద్దు. వేలిముద్ర వేస్తేనే తలుపు తెరుచుకోవాలి. దారినపోయేవాళ్ళంతా ఎక్కేస్తున్నారు."

"మరి మీ ట్యూషన్‌కొచ్చే పిల్లలండీ?"

"వాళ్ళు మెట్లెక్కుతారు. ఒంటికి మంచిది."

ప్రెసిడెంటు గారికి మెత్తటి బల్ల కావాలి, లిఫ్టులో కూర్చుని వెళ్ళాలి. దాని మీద గోడకి పదవిలో ఉన్నవాళ్ళ పేర్లు చెక్కించాలి. మొదటి అంతస్తు వాళ్ళకి అసలు లిఫ్టే అక్కర్లేదు. కానీ పాట వస్తుందంటే పెట్టించమన్నారు. ప్రాజెక్టమ్మ అన్నీ రాసుకుంటోంది. మొహంలో ఒక్క గీత కదల్లేదు గానీ లోపల ఒక్కొక్కరినీ ఉతికి ఆరేస్తోంది. ఐదంతస్తులు ఎక్కడానికి వీళ్ళకి పాట కావాలట! దిగేటప్పుడు జోలపాట కూడా పెట్టించండి, అనుకుంది.

ఏది ముందు అన్న దగ్గర ప్రెసిడెంటు గారు తన తెలివినంతా బయటపెట్టాడు. ఒక్కొక్క పనీ చదవాలి, చేతులెత్తాలి, ఎక్కువ చేతులు లేచింది మొదటి పని. అంతే. చదివారు. అద్దానికి సగం చేతులు లేచాయి, మిగతా సగం ఈసడించుకున్నాయి. వేలిముద్రకి టీచరుదీ, వెనకే కూర్చున్న తన మొగుడిదీ లేచాయి. బల్లకి ఎవరూ ఎత్తకపోతే ప్రెసిడెంటు గారు సభ వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. మొహమాటానికి నాలుగు చేతులు లేచాయి. వాదనలు ముదిరి, ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో తెలియని స్థితిలో, టీ కోసం ఎదురుచూసి విసిగిపోయిన ఒక మనిషి వెనక నుంచి కేకేశాడు.

"ముందా డొక్కు లిఫ్టు పీకి పారెయ్యండి బాబూ!"

హాలంతా ఒక్కసారిగా చేతులెత్తింది. కొందరు రెండేసి ఎత్తారు. ఆ సంఘం పుట్టాక అందరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే. ప్రెసిడెంటు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏకగ్రీవం!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. "పాత లిఫ్టు తొలగింపు, మొదటి పని. రాసుకోండి మేడమ్."

ప్రాజెక్టమ్మ కలం ఆపింది. "అలా కాదండీ. పాతది ఆఖర్న తీయాలి. ముందు లిఫ్టు నడిచే ఆ నిలువు సందు కొలిపించాలి. మీరు చెప్పిన అద్దాలూ బల్లలూ అందులో పడతాయో లేదో చూడాలి. కొత్తది గేటు దాకా వచ్చి నిలబడ్డాక..."

ప్రెసిడెంటు గారు అరచెయ్యి ఎత్తాడు. "మేడమ్, మేడమ్. మీరు రాయడానికొచ్చారు. ఆలోచించడానికి మేమున్నాం కదా."

అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు మరీ ఎక్కువ నవ్వాడు, చిగుళ్ళ దాకా కనిపించాయి. ప్రాజెక్టమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. గడ్డిపరకంత తెలివి లేనివాళ్ళ చేత మాట పడ్డం! సరే, ఆలోచించుకోండి, బాగా ఆలోచించుకోండి, అనుకుంది. మళ్ళీ నోరు విప్పలేదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, కామా పొల్లుపోకుండా రాసింది. మొదటి పని, పాత లిఫ్టు తొలగింపు. రెండో పని, కొలతలు. వాళ్ళ మూర్ఖత్వాన్ని అంత చక్కటి వాక్యాల్లో పెట్టడంలో ఆవిడకి ఒకరకమైన పైశాచికానందం కూడా కలిగింది. ఎలాగూ గేటుకి రంగేసినట్టే ఇదీ జరుగుతుంది, అప్పటికి ఎవరుంటారో ఎవరు పోతారో అన్న ధీమా ఒకటి.

పైకి వెళ్ళగానే అత్తగారు ఆత్రంగా అడిగింది. "ఏం తేల్చారమ్మాయ్?"

"కొత్త లిఫ్టు వస్తుంది అత్తయ్యా."

"నువ్వు వెళ్ళావు గనక తేలింది. లేకపోతే వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు!" అంది అత్తగారు. ఆ సాయంత్రం కిందికి దిగి, మా కోడలు కొత్త లిఫ్టు తెప్పిస్తోందని అక్కకి పెదాలు విప్పి విప్పి చెప్పుకుంది.

ఇక్కడ ప్రాజెక్టమ్మ లెక్క తప్పింది. ఆ సంఘం ఇంతకాలం ఏ పనీ చేయలేకపోయింది చేతకాక మాత్రమే కాదు, వాళ్ళేం కోరుకుంటున్నారో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేక. ఇప్పుడు చేతిలో మొట్టమొదటిసారి తిరుగులేని కాగితం ఒకటి పడింది. ప్రెసిడెంటు గారు దాన్ని పట్టుకెళ్ళి పాత ఇనుము వాళ్ళకి చూపించాడు. వాళ్ళకి ఒక్క అనుమానం రాలేదు, ఒక్క ప్రశ్న మిగల్లేదు. ఆ వారంలోనే వచ్చిపడ్డారు. ప్రాజెక్టమ్మ ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపు ఉండాల్సిన చోట ప్లైవుడ్ చెక్క కొట్టేసి ఉంది. ఆవిడ ఐదంతస్తులూ మెట్లెక్కింది. ఎక్కుతూ నవ్వుకుంది కూడా, వెధవలు నిజంగానే పీకారు అని. తలుపు దగ్గర సంచిలో దువ్వెనతో నిలబడి ఉన్న అత్తగారిని చూశాక ఆ నవ్వు చచ్చింది.

తర్వాత కొత్త లిఫ్టు కంపెనీ మనిషి వచ్చి టేపు పట్టాడు. బల్ల పడితే మనిషి పట్టడు, మనిషి పడితే బల్ల పట్టదు అని తేల్చాడు. అసలు ఆ సందు కొలతకి ఇప్పుడు లిఫ్టులు తయారు కావడం లేదన్నాడు. గోడ చెక్కాలి, గోడ చెక్కాలంటే అనుమతి కావాలి, అనుమతికి ఇంకో మీటింగు కావాలి. బల్ల వదులుకుంటారా అంటే ప్రెసిడెంటు గారు ప్రాణమైనా వదులుతాను గానీ అన్న ధోరణిలో ఉన్నాడు. అలా నెలలు గడిచాయి. ప్రాజెక్టమ్మ ప్రతి మలుపునీ ముందే ఊహించింది, ప్రతిసారీ ఆవిడ ఊహే నిజమైంది. అందులో ఆవిడకి దొరికిన సుఖం ఏదో ఉంది, అది ఆవిడకే తెలియాలి.

అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామని వాచ్‌మన్, ఇంకా కొందరూ అన్నారు. ఆవిడ ససేమిరా అంది. "నలుగురూ మోసే రోజు ఎలాగూ ఒకటి వస్తుంది నాయనా, దానికి ఇప్పట్నుంచీ రిహార్సల్స్ ఎందుకు?" అని కొట్టిపారేసింది. అసలు సంగతి భయం. మెట్ల మలుపు దగ్గర పడిపోతానని భయం. ఇవాళో రేపో లిఫ్టు వస్తుందిగా, ఉండనీ, అనేది.

సాయంత్రాలు బాల్కనీలో నిలబడేది. కింద అక్క కొడుకు తల్లిని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చి, "అదిగోనమ్మా పిన్ని, పైన!" అని చూపించేవాడు. అక్క మెడ అంత ఎత్తుకి లేచేది కాదు. రెండో అంతస్తు బాల్కనీలో ఆరేసిన పళ్ళ డాక్టరు తెల్లకోటు వైపు చూసి ఆప్యాయంగా చెయ్యి ఊపేది. పై నుంచి చెల్లెలు ఆ కోటు పొందుతున్న ప్రేమని చూస్తూ, రైలింగు పట్టుకుని నిలబడేది. కొన్నాళ్ళకి అక్క తల దువ్వించుకోవడం మానేసిందని కొడుకు చెప్పాడు. అతని భార్య దువ్వెన పట్టుకెళ్తే చేత్తో నెట్టేస్తోందట. జడలు కట్టాయి, కత్తిరించేశాం పిన్నీ అన్నాడు. ఆ రాత్రి అత్తగారు అన్నం ముట్టలేదు.

అప్పుడు ప్రెసిడెంటు గారికి జ్ఞానోదయమైంది. పరిధి మళ్ళీ నిర్ణయించాలి, దానికి మేడమ్ కావాలి. మేడమ్ కిందికి రానంది. దాంతో సంఘమే పైకి వచ్చింది. ప్రెసిడెంటు గారు, డాక్టరు, టీచరు, ఆవిడ భర్త, ఒక్కొక్కరే రొప్పుతూ ఐదో అంతస్తు చేరి, సోఫాల్లో కూలబడి, మంచినీళ్ళు అడిగారు. ప్రాజెక్టమ్మ గ్లాసులు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. చెమటలు కక్కుతున్న ఆ మొహాలు చూస్తుంటే ఆవిడకి కడుపు నిండింది. మూల కుర్చీలో కూర్చుని అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

ప్రెసిడెంటు గారు కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, ఆ తర్వాత తప్పు ఎవరిదో తేల్చే పనికి దిగాడు. "ఏమైనా ఒక మాట మేడమ్. మేమంటే తెలియనివాళ్ళం. ఇంత అనుభవం ఉన్నవారు మీరు. పాత లిఫ్టు ముందు తీయకూడదని మీకైనా తెలియదా?"

ఈ క్షణం కోసమే ప్రాజెక్టమ్మ ఇన్ని నెలలు కాచుకుని ఉంది. జవాబు స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, ఆఫీసులో కూర్చుని, నూరి నూరి పెట్టుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, తీరిగ్గా అంది.

"తెలుసండీ. ఎందుకు తెలియదు? మీరు చేతులెత్తిన నిమిషంలోనే తెలుసు. ఆ సందులో మీ బల్ల పట్టదనీ తెలుసు, మీరు పీక్కుని కూర్చుంటారనీ తెలుసు. కానీ నేను రాయడానికొచ్చిన మనిషినిగా! ఆలోచించడానికి మీరున్నారని ఊరుకున్నాను."

దెబ్బ అదిరింది. ప్రెసిడెంటు గారి మొహం మాడిపోయింది. పళ్ళ డాక్టరు నోరు తన దగ్గరికొచ్చే రోగుల నోరులా తెరుచుకుని ఉండిపోయింది. టీచరు తల దించుకుంది. ప్రాజెక్టమ్మ ఒక్కొక్క మొహాన్నీ నెమ్మదిగా, తనివితీరా చూసుకుంటూ వచ్చింది. అలా చూస్తూ చూస్తూ మూల కుర్చీ దగ్గరికొచ్చి ఆగింది. అత్తగారి చేతులు బఠాణీల మీద కదలడం లేదు.

"తెలుసా?" అంది అత్తగారు.

"అది కాదు అత్తయ్యా, వాళ్ళు నన్ను..."

"నేను వేరేగా అనుకున్నాను అమ్మాయ్. నువ్వు మధ్యలో లేచి వచ్చేశావేమో, నువ్వుంటే ఇలా జరగనిచ్చేదానివా అనుకున్నాను. అక్క కొడుక్కి కూడా అదే చెప్పాను." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండును. "వాళ్ళంటే తెలియనివాళ్ళు."

అత్తగారు ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టి ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది.

"నాయనా, మీకు ఓపికుందా? నన్ను మా అక్క దగ్గరికి దింపండి. మళ్ళీ పైకి తేనక్కర్లేదు. అక్కడే ఉంటాను."

ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డాడు. "అంతకంటేనా పిన్నిగారూ!" అన్నాడు. ఆయన గొంతు ఒక్కసారి మామూలు మనిషి గొంతులా ఉంది. డాక్టరు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. టీచరు భర్త భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ తెచ్చాడు. అత్తగారిని అందులో కూర్చోబెట్టి, టీచరు తన చున్నీతో నడుం దగ్గర కుర్చీకి కట్టింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వాదన వెంటనే మొదలైంది. ప్రెసిడెంటు గారు ఎప్పటిలాగే నిర్ణయించేశాడు. బక్కపలచని డాక్టరు ముందు కాళ్ళు పట్టుకుని కింది మెట్ల వైపు, భారీ మనిషి టీచరు భర్త వీపు వైపు, పైన.

అది తప్పు. దిగేటప్పుడు బరువంతా కింద పట్టుకున్నవాడి మీదే పడుతుంది. మొదటి మలుపులోనే డాక్టరు చేతులు వదిలేస్తాడు.

"అలా కాదండీ," అంది ప్రాజెక్టమ్మ. "బలమైన మనిషి కింద ఉండాలి."

"మేడమ్, మేడమ్, మేం చూసుకుంటాం," అన్నాడు ప్రెసిడెంటు గారు వెనక్కి చూడకుండా, అరచెయ్యి ఎత్తి.

ఆవిడ పరిగెత్తుకెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడింది. "బరువు కింది మనిషి మీద పడుతుందండీ! వాళ్ళిద్దర్నీ మార్చండి. మార్చేదాకా నేను కదలను."

ప్రెసిడెంటు గారు ఆగి ఒక్క క్షణం చూశాడు. "ఔనౌను," అన్నాడు. "మేడమ్ చెప్పింది నిజమే. డాక్టరు గారూ, మీరు పైకి రండి."

అంతే. ఇద్దరూ మారారు. వాదన లేదు, ఓటింగు లేదు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. రెండోసారి గట్టిగా చెప్పడానికి పట్టింది ఒక్క నిమిషం. ప్రాజెక్టమ్మ గోడకి ఆనుకుని దారి ఇచ్చింది. కుర్చీ పక్కనుంచి వెళ్తున్నప్పుడు అత్తగారి చెయ్యి ఆవిడకి అందేంత దూరంలోనే ఉంది, కానీ అత్తగారు రెండు చేతులతోనూ ముందున్న టీచరు భర్త చొక్కా పట్టుకుని కళ్ళు మూసుకుంది. "నెమ్మది, నెమ్మది, ఇదిగో మలుపు" అంటూ ఆ మూర్ఖులందరూ కలిసి ఆవిడని ఒక్కొక్క మెట్టే, గోడ తగలకుండా దింపుకుంటూ వెళ్ళారు. ప్రాజెక్టమ్మ పైనే నిలబడి వింటోంది. చాలాసేపటికి కింద తలుపు తెరుచుకుంది. తర్వాత ఆ అక్క గొంతు, చెవిటివాళ్ళ గొంతు, బిల్డింగంతా వినపడేలా లేచింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?"

దానికి అత్తగారు ఏం జవాబు చెప్పిందో ఐదో అంతస్తు దాకా వినిపించలేదు.